మేష్టారు ఒప్పుకోలేదు

భోజనాల బల్ల మీద తెల్ల కోటు ముక్కలు కుప్పగా పడున్నాయి. వాటికి అటువైపు బుల్లి, ఇటువైపు వదిన. మధ్యలో ఎవరూ ముట్టని టీ మీగడ కట్టింది.

"ఇంకోసారి చెప్పు వదినా," అంది బుల్లి. "నాకు అర్థమయ్యేలా చెప్పు. లైబ్రరీ ఆవిడ ఛాతీ కొలత తగ్గిస్తే నర్సుపిల్లల కొలతలు ఎందుకు తగ్గాయి?"

గొంతు పెంచలేదు. చెంచా కనపడకపోయినా ఇల్లెగరగొట్టే మనిషి ఇవాళ నెమ్మదిగా అడుగుతుంటే ఇంట్లో ఎవరికీ ఏం చేయాలో తోచడం లేదు.

"వాళ్ళందరినీ నువ్వు ఆవిడ కత్తిరింపు ప్యాటర్న్ నుంచే పుట్టించావు కాబట్టి."

"నేనెవరినీ పుట్టించలేదు. కొత్త మనిషి వస్తే, దగ్గరి కొలతలున్న పాత మనిషి ప్యాటర్న్ తీసి దిద్దుకున్నాను. కాగితం మీదైనా అంతే చేస్తాం. అమ్మా అంతే చేసేది."

"కాగితం వేరు, ఈ కంప్యూటరు ప్రోగ్రాం వేరు. నువ్వు నలభై అని కొడితే అది నలభై అని రాసుకోదు. లైబ్రరీ ఆవిడది ముప్పై ఎనిమిది కదా, ఆవిడ కన్నా రెండు ఎక్కువ అని రాసుకుంటుంది. ఆవిడ ముప్పై ఆరుకి దిగితే..."

"నలభై కాస్తా ముప్పై ఎనిమిది అయిపోతుంది."

"అవును."

"నేను కొట్టింది నలభై."

"అవును."

"తెర మీద నాకు కనిపించిందీ నలభై."

ఆ 'రెండు ఎక్కువ' అనే ఏర్పాటు వదినే స్వయంగా ఆలోచించి రాసింది. రాసిన రోజున గదిలో ఒక్కతే నవ్వుకుంది. ఒకచోట దిద్దితే అన్నిచోట్లా దిద్దుకుపోతుంది, ఇంతకన్నా పొందికైనది ఇంకేముంటుంది అనుకుంది. ఆ పొందికే ఇప్పుడు నర్సింగ్ స్కూలు క్లాసు మొత్తం కోట్లని రెండేసి అంగుళాలు బిగించి బల్ల మీద పడేసింది.

లైబ్రరీ ఆవిడ పాపం జబ్బు చేసి చిక్కిపోయింది. పాత కోటు వదులైందంటే బుల్లి ఆవిడ కొలత మార్చింది. మర్నాడు స్కూలువాళ్ళ ప్యాటర్న్‌లు అచ్చు తీసి, బట్ట మడతలు మడతలుగా పరిచి, అన్నీ ఒక్క ఊపున కత్తిరించింది. శుక్రవారం నాడు ఆ పిల్లలు ఆ కోట్లు తొడుక్కుని వేదిక ఎక్కి పట్టాలు అందుకోవాలి. బట్ట స్కూలువాళ్ళు తెచ్చి ఇచ్చింది. బజారులో దొరికేది కాదు.

బుల్లికి ఇంత పెద్ద పని రావడం ఇదే మొదటిసారి. ఇది పాడైతే స్కూలు పోవడం ఒక్కటే కాదు, ఇంటి ముందుగదిలో ఆమె నిలబెట్టుకున్న కుట్టుకొట్టు మీద వీధిలో నమ్మకం పోతుంది.

*

అన్నయ్య మందులషాపుకి బయల్దేరబోతూ గుమ్మంలో ఆగాడు. ఆ మనిషికి మంచిపని చేయబోయి ముంచడం అలవాటు.

"ఒక్క మాట బుల్లీ. మీ వదిన ఆ ప్రోగ్రాం నీకేమీ అమ్మలేదు. ఊరికే ఇచ్చింది. ప్రపంచానికంతా ఊరికే ఇచ్చింది. దానికి గ్యారంటీ లేదని వాళ్ళు ముందే రాసుకున్నారు. ఊరికే వచ్చినదాంట్లో తప్పులు వెతికితే ఎలా?"

"మీరు షాపుకి వెళ్ళండి," అంది వదిన.

"నీ తరఫునే కదా మాట్లాడుతున్నాను."

"అందుకే వెళ్ళమంటున్నాను."

బుల్లి అన్నయ్య వైపు చూడనైనా చూడలేదు. "నేనేమీ అడుక్కోలేదు అన్నయ్యా. కాగితాలతో నా తిప్పలేవో నేను పడుతుంటే, వదినే వచ్చి, నా దగ్గరొకటుంది వాడి చూడు అంది. ఇంట్లో మనిషి ఇచ్చింది కదా అని వాడాను."

"వాడమన్నాను గాని, ఇలా వాడమన్నానా?" వదినకి ఉన్నట్టుండి ఒళ్ళు మండింది. పొద్దుటి నుంచి కూడబెట్టుకున్న ఓర్పంతా ఆ ఒక్క మాటతో ఒలికిపోయింది. "మూలమంటే ఏమిటో, దాన్నుంచి తీసినవి ఏమవుతాయో మొదటి పేజీలోనే వివరంగా రాశాను. నువ్వు చదవలేదు. అది నీలాంటి వాళ్ళ కోసం రాసింది కాదు బుల్లీ."

అనేశాక ఆమెకే వినిపించింది.

ఫ్యాన్ తిరుగుతోంది. ఒక కోటు చెయ్యి గాలికి బల్ల అంచు దాటి జారి కింద పడింది. ఎవరూ తీయలేదు.

"నీలాంటి వాళ్ళు," అంది బుల్లి, అద్దకపు రంగు నిలుస్తుందో లేదో చూస్తున్నట్టు ఆ మాటని తిప్పి చూసుకుంటూ. తరవాత వంగి ఆ చెయ్యి తీసి, దులిపి, కుప్పలో పెట్టింది. "సరే. అమ్మా, ఆవిడతో చెప్పు, ఇంక నేనేమీ అడగనని."

ఆవిడ. పెళ్ళై వచ్చిన రోజు నుంచి 'వదినా' తప్ప ఇంకో పిలుపు ఎరగని నోటి నుంచి వచ్చిన ఆ మాట వదిన గుండెల్లో గుచ్చుకుంది.

అత్తయ్య అప్పటిదాకా కిటికీ దగ్గర కూర్చుని, కత్తిరించిన ముక్కల్ని ఒక్కొక్కటే వెలుగుకి పట్టి చూస్తోంది. ఆమె కూడా ఈ పనిలోనే చేతులు కాయలు కాయించుకున్న మనిషి. ఇప్పుడు వేళ్ళు వంగవు.

"అచ్చు తీసిన కాగితం మీద కొలత టేపు పెట్టి చూసుకున్నావుటే?" అంది కూతుర్ని.

బుల్లి కుప్పలోని ముక్కల అంచులు సర్దింది.

"చూసుకోలేదన్నమాట."

"ఇన్నాళ్ళూ చూశానమ్మా. ఎప్పుడూ సరిగ్గానే ఉంటోంది. ఇంక చూసేదేముంది అనిపించి మానేశాను," అంది బుల్లి. "నమ్మాను. అదే నేను చేసిన తప్పు."

"పక్కలకి పట్టీ వేసి లాగొచ్చు," అంది అత్తయ్య, కూతుర్ని ఊరడించకుండా. "కత్తిరించగా మిగిలిన తుంపులు సరిపోతాయో లేదో చూద్దాం. సరైన కొలతలు కావాలి ముందు." అని కోడలి వైపు తిరిగింది. "అవైనా ఉన్నాయా, అవీ పోయాయా?"

"ఉన్నాయత్తయ్యా. ఇప్పుడే తీసిస్తాను."

*

తీసివ్వడానికి ముందుగదిలో బుల్లి కంప్యూటరు దగ్గరికి వెళ్ళాల్సింది. వెళ్ళలేదు. మేడ మీద తన కిటికీ పక్క బల్ల దగ్గరికి వెళ్ళి కూర్చుంది. కోపం వచ్చినా, దుఃఖం వచ్చినా ఆమె కాళ్ళు అక్కడికే లాక్కుపోతాయి.

ఈ ఇంట్లో ఆమె ఒకరికే వదిన. కానీ వీధి వీధంతా ఆమెని వదినా అనే పిలుస్తుంది. బీమా ఆఫీసులో పని ముగించుకుని వచ్చేసరికి గేటు దగ్గరే ఎవరో ఒకరు కాచుకుని ఉంటారు. వదినా ఈ ఫోన్ చూడు, వదినా ఈ అర్జీ నింపిపెట్టు, వదినా కాస్త మా వాడికి లెక్కలు చెప్పు. కాదనడం ఆమెకి చేతకాదు. అన్నీ అయ్యాక సాయంత్రాలు ఈ బల్ల దగ్గర కూర్చుంటే మాత్రం ఆమెని వదినా అనేవాళ్ళు లేరు. ఒక గీత, ఇంకో గీత, చంక దగ్గర ఒంపు, ఆ ఒంపుని లెక్కలో పట్టుకోవడం. ఆ ప్రోగ్రాం ఆమె ఎవరి కోసమో రాయలేదు. తనకి బాగుందని రాసుకుంది. బాగుందని ఇంకో నలుగురికి చూపించింది. కావాల్సినవాళ్ళు తీసుకోండి, విప్పి చూసుకోండి, మీకు తోచినట్టు మార్చుకోండి అని తలుపులు బార్లా తెరిచి పెట్టింది. ఓపెన్ సోర్స్ అంటే ఆమెకి తెలిసింది అదే.

తలుపు తెరిచి పెట్టడం వేరు, వచ్చినవాళ్ళకి పీట వేసి మర్యాదలు చేయడం వేరు అని ఆమె అభిప్రాయం. ఇవాళ పొద్దుటిదాకా ఆ అభిప్రాయంలో ఆమెకి లోపం కనపడలేదు.

ఫోన్ చేస్తే గడ్డం ఎత్తాడు. ప్రోగ్రాంని ఆమెతో కలిసి చూసుకునే ముగ్గురిలో ఇతనే పెద్ద. వేరే ఊళ్ళో బట్టల ఫ్యాక్టరీలో కటింగ్ యంత్రాలు నడిపిస్తాడు. ఎదురుగా ఎప్పుడూ చూసుకోలేదు. తెర మీద మనిషి కన్నా ముందు గడ్డం కనపడుతుంది, అందుకని ఆమె పెట్టుకున్న పేరు.

జరిగిందంతా విన్నాడు. మధ్యలో అడ్డుపడలేదు.

"మీ మరదలి విషయంలో బాధగా ఉంది," అన్నాడు చివరికి. "కానీ అది ప్రోగ్రాం తప్పు కాదు. అలా పనిచేయాలనే రాశాం."

"తెలుసు. నేనే రాశాను."

"మా ఫ్యాక్టరీలో కాలరు ఒకచోట మారిస్తే అన్ని సైజుల్లోనూ మారాలి. మారకపోతే నా ఉద్యోగం ఊడుతుంది. దాన్ని తీసేద్దామంటారా?"

"తీసేద్దామని కాదు. ఎవరెవరి కొలతలు మారబోతున్నాయో ముందు చూపించి, సరేనా అని అడిగితే..."

"ఇవాళ అది అడుగుతారు. రేపు మొదటి పేజీ అర్థం కాలేదంటారు. ఎల్లుండి ఫోన్‌లోనే కావాలంటారు. తరవాత, అచ్చు రావట్లేదు, మా ప్రింటరు చూడండి అంటారు."

వదినకి నవ్వు వచ్చింది. పోయిన నెల ఎవరో అలాగే అడిగారు.

"కొనుక్కునే ప్రోగ్రాములు ఉన్నాయి కదా," అన్నాడు గడ్డం. "ఆ కంపెనీలు ఫోన్ ఎత్తుతాయి, చెయ్యి పట్టుకుని నడిపిస్తాయి. కొలతలన్నీ తమ దగ్గర పెట్టుకుంటాయి, చందా కట్టడం మానేస్తే తాళం వేస్తాయి. మనం తాళం వేయం. చెయ్యి కూడా పట్టుకోం. ఆ రెండూ ఒకే ఒప్పందం."

"ఆ ఒప్పందం సంగతి ఆమెకి తెలియదు."

"మొదటి పేజీలో ఉంది."

"మొదటి పేజీ ఎవరు చదువుతారండీ?"

"మీరు చదవరా?"

వదిన ఆలోచించింది. "ఇతరులవి అయితే నేనూ చదవను."

గడ్డం నవ్వాడు. వెంటనే ఆపేశాడు.

"మొదట్లో మనతో ఒకాయన ఉండేవాడు, గుర్తుందా? ఎవరేం అడిగినా జవాబు చెప్పేవాడు. అడిగిందే అడిగినా విసుక్కునేవాడు కాదు. అందరికీ ఆయనంటే ఇష్టం. ఏమయ్యాడు?"

"మానేశాడు."

"మానేయలేదు. పారిపోయాడు. కంప్యూటరు చూస్తే చెమటలు పడుతున్నాయన్నాడు. మిమ్మల్ని అలా పోగొట్టుకోవడం నాకిష్టం లేదు. మీరు పోతే ఈ ప్రోగ్రాం ఉండదు. అప్పుడు మీ మరదలికీ ఉండదు, నాకూ ఉండదు."

అతను నిర్దయగా మాట్లాడి ఉంటే బాగుండును, పోట్లాడటానికి వీలుగా.

"సోమవారం నలుగురం కూర్చుని మాట్లాడుకుందాం," అన్నాడు. "అంతవరకు ఎవరికీ మాట ఇవ్వకండి. మీరిచ్చే మాట మా ముగ్గురి సాయంత్రాలతో కూడా కలిపి ఇచ్చినట్టే."

"సరే," అంది వదిన. మనస్ఫూర్తిగానే అంది. ఆ సాయంత్రాలే తనకీ కావాలి. ఇది అందరి కోసమని ఒక్కసారి ఒప్పుకుంటే, ఆ కిటికీ పక్కకి కూడా వీధి వచ్చేస్తుంది. ఇంక ప్రపంచానికంతటికీ వదిన అయి కూర్చోవాలి.

*

ముందుగదిలో బుల్లి లేదు. వెనక వరండాలో తల్లీ కూతుళ్ళు తుంపులు ఏరుతున్నారు. వదిన బుల్లి కుర్చీలో కూర్చుంది. ఎప్పుడూ పక్కన నిలబడి రెండు ముక్కలు చెప్పి వెళ్ళిపోయేదే గాని, ఆ కుర్చీలో కూర్చోవడం ఇదే మొదలు.

కూర్చున్నాక కనిపించింది. తెర మీద కుడి చేతివైపు పైమూల ఒక కాగితపు టేపు ముక్క అంటించి ఉంది. అంచులు నల్లబడ్డాయి. ఎప్పుడో అంటించినదే.

ఏమిటా అని గోటితో కాస్త ఎత్తి చూసింది. దాని కింద 'పాతవన్నీ తుడిచెయ్' అనే బటన్. దాని పక్కనే 'దాచు' అనే బటన్ ఉంటుంది. రోజుకి పదిసార్లు నొక్కాల్సినదీ, జన్మకి ఒకసారైనా నొక్కకూడనిదీ పక్కపక్కనే. ఆ మూల ఖాళీగా ఉందని అక్కడ పెట్టేసింది. పెట్టింది తనే.

బుల్లి దీన్ని గురించి ఎప్పుడూ చెప్పలేదు. అడగలేదు. టేపు తెచ్చి అంటించుకుని తన పని తను చేసుకుంది. టేపుని మళ్ళీ జాగ్రత్తగా నొక్కి అంటించింది వదిన.

లైబ్రరీ ఆవిడ కొలతని పాత అంకెకి మార్చింది. నర్సుపిల్లల కొలతలన్నీ ఎవరి స్థానాల్లోకి వాళ్ళు వచ్చి కూర్చున్నాయి. ఒక్క క్షణం పట్టలేదు. కొలతలు వెనక్కి వచ్చాయి గాని, బట్ట వచ్చేది కాదు.

కాగితాలు అచ్చు తీసి వరండాలోకి తెచ్చింది. బుల్లి తల ఎత్తలేదు. అత్తయ్య అందుకుంది.

"అమ్మా," అంది బుల్లి తుంపులకేసి చూస్తూ, "కాజాలావిడకి చెప్పాలి. పక్కవీధి వాళ్ళకీ చెప్పాలి. ఇవాళే."

"ఏం చెప్పాలి?" అంది వదిన.

బుల్లి తల్లికే జవాబు చెప్పింది. "వాళ్ళూ ఇదే వాడుతున్నారు. నేనే నేర్పాను. నా దగ్గర నేర్చుకున్నవాళ్ళు ఇంకొకళ్ళకి నేర్పారు. కుట్టుకొట్లలో సగం మంది దగ్గర ఇదే ఉంది. ఎవరు ఏ కొలత మార్చారో, ఎవరు ఇవాళ ఏం కత్తిరిస్తున్నారో నాకు తెలియదు."

వదిన బుల్లి వైపు తిరిగింది. "నాకెప్పుడూ చెప్పలేదేం?"

ఈసారి అత్తయ్య జవాబిచ్చింది. "చెప్పబోయింది ఒకసారి. నువ్వు పనిలో ఉన్నావు. తరవాత చెప్పు బుల్లీ అన్నావు. అలా అన్నప్పుడు నీ మొహం ఎలా ఉంటుందో నీకు తెలియదు, మేం చూస్తాం."

ప్రోగ్రాం ఎంతమంది వాడుతున్నారు అని ఎవరైనా అడిగితే, ఏమో, ఓ పదిమంది ఉంటారేమో అని నవ్వేది వదిన. అది ఎవరినీ లెక్కపెట్టదు, ఎవరి మీదా నిఘా పెట్టదు. అది ఆమెకి గర్వం. ఆ గర్వం పుణ్యమా అని ఇప్పుడు ఆగండి అని చెప్పడానికి ఒక్కళ్ళ చిరునామా కూడా ఆమె దగ్గర లేదు. ఉన్నది బుల్లి దగ్గరే, అదీ కాళ్ళతో వెళ్ళి చెప్పాల్సిన చిరునామా.

బుల్లి చెప్పులు వేసుకుంది. వదిన కూడా వేసుకుంది.

"అమ్మా, ఆవిడ రానక్కర్లేదు."

"నేను నీతో రావట్లేదు," అంది వదిన. "అటే నడుస్తున్నాను."

అత్తయ్య ఇద్దరినీ చూసి తుంపుల్లోకి తల దించుకుంది.

*

కాజాలావిడ కొట్టు కుట్టుకొట్ల వీధి మలుపులో ఉంది. ఒకప్పుడు బొత్తాలకి కాజాలు కుట్టిపెట్టడం ఒక్కటే ఆమె పని, అందుకని ఆ పేరు. ఇప్పుడు కోట్లు, జాకెట్లు అన్నీ కుడుతుంది. వాళ్ళు వెళ్ళేసరికి కత్తిరించే బల్ల మీద ముదురునీలం బట్ట పరిచి ఉంది. సుద్ద గీతలు గీసి ఉన్నాయి. కత్తెర చేతిలోనే ఉంది.

"అక్కా, ఆగు," అంది బుల్లి గుమ్మంలోంచే. "కత్తిరించకు."

"ఏమైంది? మేష్టారికి కోపం వచ్చిందా?"

"ఏ మేష్టారు?" అంది వదిన.

కాజాలావిడ కొత్త మనిషిని ఎగాదిగా చూసింది. వేరే వీధి మనిషి, ఎరగదు. "మా కంప్యూటరు మేష్టారమ్మా. ఇక్కడ అందరం అలాగే అంటాం. ఏం కొట్టినా 'తప్పు, మళ్ళీ ఇవ్వండి' అంటుంది కదా, బెత్తం పట్టుకున్నట్టు. పని ఆగిపోతే మేష్టారు ఒప్పుకోలేదు అనుకుని కాసేపు టీ తాగి వస్తాం. ఆ రాసినాయన ఎవరో గాని జన్మలో నవ్వి ఉండడు."

వదిన కళ్ళు గోడవార ఉన్న కంప్యూటరు మీద పడ్డాయి. తెర కుడిమూల, సరిగ్గా అదే చోట, కాగితపు టేపు. ఇక్కడ కొంచెం శుభ్రంగా, అంచులు కత్తెరతో సమంగా కత్తిరించి అంటించారు. వీధిలో ఇంకా ఎన్ని తెరల మీద ఉందో. తను రాసినదాన్ని విప్పి మార్చుకోండి అని లోకానికి చెప్పింది. లోపలికి వెళ్ళడం చేతకానివాళ్ళు బయటి నుంచి ఇలా మార్చుకున్నారు.

బుల్లి లైబ్రరీ ఆవిడ సంగతి, కోట్ల సంగతి చెప్పింది. దాచకుండా చెప్పింది, కొలత టేపు పెట్టి చూసుకోకపోవడంతో సహా. వింటూ వింటూ కాజాలావిడ కత్తెర బల్ల మీద పెట్టేసింది. స్టూలు మీద కూలబడింది.

"ఒకరి కొలత మారిస్తే ఇంకొకరిది మారుతుందా?"

"మారుతుంది."

"మొన్న మొన్ననే రెండు జాకెట్లు బిగుతైపోయాయి నాకు," అంది నెమ్మదిగా. "రెండూ తెలిసినవాళ్ళవే. కొలతలు నేనే తీశాను. ఎలా పోయిందో అర్థం కాలేదు. నా కళ్ళు పోతున్నాయేమో అనుకున్నాను." ముక్కు మీది కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకుంది. కొత్తది. "వెళ్ళి ఇది చేయించుకున్నాను. ఇది పెట్టుకున్నా టేపు మీద అంకెలు అలాగే కనిపించాయి. అయితే కళ్ళు కాదు, తలే పోతోంది అనుకున్నాను. కొట్టు మా చెల్లెలికి అప్పగించేద్దామని దానితో మాట్లాడాను కూడా."

బయట ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ వెళ్ళిపోయారు.

ఈ ఆవిడ ప్రోగ్రాంని ఒక్క మాట అనలేదు. తనని తనే అనుకుంది. చదవలేదు, వివరంగా రాశాను అని పొద్దున తను అరిచిన అరుపులో ఇలాంటి మనిషి ఒకతె ఉంటుందని వదినకి తట్టలేదు.

"ఇదంతా నీకెవరు చెప్పారే?" అంది కాజాలావిడ బుల్లితో.

ఇంకో రోజైతే బుల్లి ఛాతీ విరుచుకుని చెప్పేది, మా వదిన రాసిందే అది అని. ఇవాళ గుమ్మానికి చేరగిలబడి, వీధిలోకి చూస్తూ నిలబడింది. ఇక్కడి నుంచి వదిన ఇష్టం. వెళ్ళిపోవాలంటే గుమ్మం ఉంది, పేరు ఎవరికీ తెలియదు.

"నేను చెప్పాను," అంది వదిన. "అది రాసింది నేనే."

కాజాలావిడ కళ్ళజోడు పెట్టుకుని మళ్ళీ చూసింది.

"మేష్టారంటే నువ్వా?"

"నేనే."

"ఆడమనిషివా," అంది, అన్నిటికన్నా అదే వింతైనట్టు. కోపం వస్తుందని వదిన ఎదురుచూసింది. రాలేదు. ఆమె ముదురునీలం బట్ట మీద చెయ్యి వేసి, సుద్ద గీత వెంబడి ఒకసారి వేలు పోనిచ్చింది.

"నువ్వు మాకేమీ బాకీ లేవమ్మా. ఊరికే ఇచ్చావు, వాడుకున్నాం. ఒక్కటే అడుగుతాను, నిజం చెప్పు. అది మాలాంటి వాళ్ళ కోసం రాసిందేనా, కాదా? కాదంటే ఇప్పుడే తీసేస్తాను. కాగితాలు ఇంకా దాచుకునే ఉన్నాను. నీ మీద కోపం కూడా ఉండదు. కానీ మా కోసమే అంటే మాత్రం, దాన్ని దిద్దిపెట్టాలి, ఇంక నా కళ్ళని అనుమానించుకోలేను."

ఎవరికీ మాట ఇవ్వకండి అన్న గడ్డం గొంతు వదిన చెవుల్లోనే ఉంది. అతను అన్నదాంట్లో అబద్ధం లేదు. పారిపోయిన ఆ మంచి మనిషి కూడా ఇలాంటి స్టూళ్ళ ముందు నిలబడే మొదలుపెట్టి ఉంటాడు. ఆమె కిటికీ, ఆమె సాయంత్రం, ఎవరూ వదినా అని పిలవని ఆ కాసేపు, అన్నీ ఒక్కసారి కళ్ళ ముందు కదిలాయి. వాటి మీద ఆశ ఇంకా చావలేదు.

"రాసినప్పుడు మీరెవరూ నా మనసులో లేరు," అంది. "అది నిజం. నా సరదాకి రాసుకున్నాను."

కాజాలావిడ తల ఊపింది. చెయ్యి చాచి కంప్యూటరు ఆపేయబోయింది.

"ఇప్పుడో వదినా?"

గుమ్మంలోంచి బుల్లి. ఇంకా వీధిలోకే చూస్తోంది. మెడ మాత్రం కాస్త ఇటు తిరిగింది. మధ్యలో అమ్మ లేకుండా, పొద్దుటి గొడవ తరవాత ఆమె నేరుగా అడిగిన మాట అదొక్కటే.

కాజాలావిడ చెయ్యి గాలిలోనే ఆగింది. బల్ల కింద ఇంకో స్టూలు ఉంది. వదిన దాన్ని కాలితో ఇవతలికి లాక్కుని, టేపు అంటించిన తెర ముందు కూర్చుంది.

మాట మాత్రం ఇంకా ఇవ్వలేదు.